ఆంకా పాజిటివ్ వచ్చిందంటే ముందు ఏం చెయ్యాలి, ఆ రిపోర్ట్ ఎలా చదవాలి

మా అమ్మ రిపోర్ట్ వచ్చిన రోజు నేను విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్ డౌన్ దగ్గర ఆటో దిగి, ఒక మందుల షాపు పక్కన నీడలో నిలబడి, ఫోన్‌లో ఆ పీడీఎఫ్‌ని పైకీ కిందకీ ఎన్నిసార్లు జరిపానో నాకే తెలీదు. ఎంపీవో అని ఒక లైను, పక్కన ఒక నంబరు, ఆ పక్కన లావు అక్షరాల్లో పాజిటివ్. అమ్మ "ఏటమ్మా, ఏటొచ్చింది" అని అడుగుతోంది, నాకేమో ఏం చెప్పాలో తోచక "ఏదో ఇన్ఫెక్షన్ అంటమ్మా" అనేశాను. అది ఇన్ఫెక్షన్ కాదు. అమ్మ ఒంట్లో అమ్మ మీదే తయారైన యాంటీబాడీ అది, దాన్నే ఆటోయాంటీబాడీ అంటారు, ఆంకా (ANCA) అలాంటిదే, ఎంపీవో అందులో ఒక రకం, దానివల్ల సన్న రక్తనాళాలు వాచి పాడైపోయే జబ్బుని వాస్కులైటిస్ అంటారు. ఇవన్నీ నాకు తర్వాత నెమ్మదిగా తెలిసాయి. ఆ రోజు నాకు ఎవరైనా చెప్పుంటే బాగుండేది అనుకున్నవన్నీ ఇక్కడ రాస్తున్నా. నేను డాక్టర్‌ని కాదు, అమ్మ ఫైలు పట్టుకుని ఓపీల చుట్టూ తిరిగిన కూతుర్ని, కాబట్టి మందుల డోసులు మాత్రం మీ డాక్టర్‌నే అడగండి.

రిపోర్ట్ చేతికొచ్చిన రోజే చెయ్యాల్సిన పని ఒకటుంది, అది నెట్‌లో ఆంకా గురించి వెతకడం కాదు, మూత్రం పరీక్ష. యూరిన్ కంప్లీట్, యూరిన్ ప్రొటీన్ క్రియాటినిన్ రేషియో, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పని తగ్గితే ఇది పెరుగుతుంది), సీబీసీ అంటే రక్తకణాల లెక్క, ఛాతీ ఎక్స్‌రే, ఇవి ఈమధ్య చేసినవి లేకపోతే వెంటనే చేయించండి. ఎందుకంటే ఈ యాంటీబాడీ కిడ్నీ మీద పడినప్పుడు చాలాసార్లు నొప్పి ఉండదు. నడుం నొప్పి రాదు, మంట రాదు, మనిషి మామూలుగానే ఇడ్లీ తిని టీవీ చూస్తుంటారు, లోపల మాత్రం వారాల్లో ఫిల్టర్లు పోతుంటాయి. పోయిన ఫిల్టర్లు చాలావరకు తిరిగి రావు. అందుకే ఈ జబ్బులో నాలుగు రోజులు లేటంటే లెక్కలోకి వచ్చే లేటే.

శాంపిల్ ఇచ్చేటప్పుడు కూడా కొంచెం జాగ్రత్త కావాలి. ఇంట్లో పొద్దున్నే పట్టి పెట్టేసి, తొమ్మిదింటికి బస్సెక్కి, ఎండలో గంటన్నర తిప్పి ల్యాబ్‌లో ఇస్తే అందులో చూడాల్సినవి విరిగిపోతాయి. వీలైతే ల్యాబ్‌కే వెళ్లి ఇవ్వండి, మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టండి, ఆడవాళ్లు నెలసరి రోజుల్లో అయితే ఆ మాట ముందే చెప్పాలి. మైక్రోస్కోప్ కింద ఎర్రకణాలు ఎన్ని ఉన్నాయి, వాటి ఆకారం వంకరపోయిందా, ఆర్‌బీసీ కాస్ట్‌లు, అంటే కిడ్నీ గొట్టాల అచ్చులో ముద్దకట్టిన ఎర్రకణాలు, కనిపించాయా అని అడగండి. రక్తం కిడ్నీ ఫిల్టర్లోంచే కారుతోందా, లేక కింద రాయి వల్లో ఇన్ఫెక్షన్ వల్లో వస్తోందా అన్నది తేల్చడానికి ఈ రెండూ చాలా పనికొస్తాయి.

ఇంకో పని, బీరువాలో పాత రిపోర్టులు వెతకండి. ఎప్పుడో కంటి ఆపరేషన్‌కి ముందు చేసిన రక్తపరీక్షైనా సరే. ఈరోజు క్రియాటినిన్ 1.9 ఉంటే అది పాతికేళ్ల షుగర్ వల్ల నెమ్మదిగా పెరిగిందా, పోయిన నెల 1.0 ఉండి ఇప్పుడు 1.9 అయిందా అన్నది పూర్తిగా వేరే కథ. డాక్టర్‌కి ఆ పాత కాగితం చూపిస్తే ఆయన తొందరే మారిపోతుంది, నేను కళ్లారా చూశాను.

దగ్గితే రక్తం పడినా, ఊపిరి అందకపోయినా, మూత్రం బాగా తగ్గిపోయినా, ఉన్నట్టుండి పాదం పైకి లేవక చెప్పు జారిపోతున్నా, కన్ను ఎర్రబడి నొప్పితో చూపు మసకైనా ఓపీ టోకెన్ కోసం ఆగొద్దు, నేరుగా క్యాజువాలిటీకి వెళ్లిపోండి, అర్ధరాత్రయినా సరే.

ఇప్పుడు రిపోర్ట్ చదవడం. ఆంకా పరీక్ష రెండు రకాలుగా చేస్తారు, చాలామంది ఇంట్లోవాళ్లకి ఇది తెలీక రెండిటినీ కలిపేస్తారు. ఒకటి స్లైడ్ పద్ధతి, న్యూట్రోఫిల్ అనే తెల్లకణాల మీద పేషెంట్ సీరం వేసి, మెరిసే రంగుతో చూస్తారు. కణం లోపలంతా మెరిస్తే సీ-ఆంకా, కేంద్రకం చుట్టూ మెరిస్తే పీ-ఆంకా. రెండోది ఎలైజా లాంటి పద్ధతి, యాంటీబాడీ ఏ ప్రొటీన్‌ని పట్టుకుంటోందో పేరుతో సహా చెప్తుంది. ఆ పేర్లు రెండు, పీఆర్3, ఎంపీవో. మామూలుగా సీ-ఆంకాకి పీఆర్3 జోడీ, పీ-ఆంకాకి ఎంపీవో జోడీ. 2017లో అంతర్జాతీయ నిపుణులు కూర్చుని ముందు పీఆర్3, ఎంపీవో పరీక్షలే చెయ్యండి, నాణ్యమైనవైతే స్లైడ్ తప్పనిసరి కాదు అని ఒప్పుకున్నారు. అందుకని మీ రిపోర్ట్‌లో ఉత్త పీ-ఆంకా పాజిటివ్ అని ఉండి పీఆర్3, ఎంపీవో లైన్లు అసలు లేకపోతే అది సగం రిపోర్టే, మిగతా సగం చేయించమని అడగండి.

స్లైడ్ మీద పాజిటివ్ వచ్చి, పీఆర్3, ఎంపీవో రెండూ నెగటివ్ అయితే వాస్కులైటిస్ అనే అనుమానం చాలా బలహీనపడుతుంది. పెద్దపేగు పుండ్ల జబ్బులో, ఆటోఇమ్యూన్ లివర్ జబ్బులో పీ-ఆంకా మెరుస్తుంది, ఏఎన్‌ఏ అనే ఇంకో ఆటోయాంటీబాడీ పాజిటివ్ ఉన్నవాళ్లలో కూడా స్లైడ్ మీద పీ-ఆంకా లాగే కనిపించి తికమక పెడుతుంది. అదే రెండూ ఒకేసారి పాజిటివ్ అయితే ఏమైనా మందు వల్లా అని ఆలోచించాలి, థైరాయిడ్ ఎక్కువైనవాళ్లకిచ్చే ప్రొపైల్‌థయోయురాసిల్, బీపీకిచ్చే హైడ్రలజీన్, ఇవి ఆంకాని పుట్టించొచ్చు. కాబట్టి ఇంట్లో వాడుతున్న ప్రతి మాత్ర అట్టా, చూర్ణమైనా కషాయమైనా సరే, ఒక కవర్లో వేసి డాక్టర్ బల్ల మీద పెట్టండి, సిగ్గుపడొద్దు. రాయి క్రషర్లలో, క్వారీల్లో, ఇసుక దుమ్ములో ఏళ్ల తరబడి పనిచేసుంటే అది కూడా చెప్పాలి, సిలికా దుమ్ముకీ ఈ జబ్బుకీ సంబంధం ఉందని తేలింది.

నంబర్ గురించి ఒక్క మాట. ఒక ల్యాబ్‌లో 20 దాటితే పాజిటివ్ అంటారు, ఇంకో ల్యాబ్‌లో 5 దాటితే చాలు అంటారు, యూనిట్లు వేరు, కిట్లు వేరు. పక్కింటావిడకి 40, మనకి 100 అని పోల్చుకుని ఏడవకండి. పక్కనున్న రిఫరెన్స్ రేంజ్ చూసి దానికి ఎన్ని రెట్లుందో చూడండి, గీత దాటీ దాటనట్టుంటే అనుమానంగా చూడాలి, ఎన్నో రెట్లుంటే దానికి బరువెక్కువ. ఆ తర్వాత ఎప్పుడు చేయించినా అదే ల్యాబ్‌లో చేయించండి.

అసలు ఈ యాంటీబాడీ రక్తనాళాన్ని ఎలా పాడుచేస్తుంది అని నేను చాలా రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. చివరికి నాకు నేను ఇలా అర్థం చేసుకున్నా. సింధియా, మల్కాపురం వైపు రోడ్డు మీద రోజంతా ట్యాంకర్లు పోతుంటాయి కదా, న్యూట్రోఫిల్ అలాంటి ట్యాంకర్. లోపల పీఆర్3, ఎంపీవో అనే ఘాటు సరుకు ఉంటుంది, సూక్ష్మక్రిముల్ని చంపడానికి. మామూలప్పుడు మూత బిగించి ఉంటుంది. జలుబో జ్వరమో వచ్చినప్పుడు ఆ సరుకు కొంచెం కణం పైకి, వాల్వ్ దగ్గరికి వస్తుంది. ఒంట్లో ఆంకా ఉంటే సరిగ్గా అక్కడే పట్టుకుని లాగుతుంది. అప్పుడు ఆ ట్యాంకర్ ఎక్కడికీ పోకుండా రోడ్డు పక్క గోడకే అతుక్కుని ఉన్నదంతా అక్కడే ఒంపేస్తుంది. గోడ కాలిపోతుంది. వెడల్పు రోడ్డులో గోడకి కొంచెం గీతపడి ఊరుకోవచ్చు, సందుల్లో అయితే గోడే కూలిపోతుంది, ఒంట్లో అలాంటి సన్న సందులు ఎక్కువ ఉండేది కిడ్నీ ఫిల్టర్లలో, ఊపిరితిత్తుల్లో. అందుకే దెబ్బ ఎక్కువగా అక్కడే. దీనికి తోడు కాంప్లిమెంట్ అనే ఇంకో వ్యవస్థ సీ5ఏ అనే సంకేతం పంపి ఇంకా ట్యాంకర్లని పిలుస్తుంది. ఆ సంకేతాన్ని ఆపే అవాకోపాన్ అనే మందుకి 2021లో అమెరికాలో అనుమతి వచ్చింది.

ఇది ఉత్త ఊహ కాదు. ఈ యాంటీబాడీని కిడ్నీ జబ్బున్న కొద్దిమందిలో 1982లో ఆస్ట్రేలియాలో మొదట గుర్తించారు, 1985లో యూరప్ వాళ్లు దీన్ని అప్పట్లో వెగెనర్స్ అని పిలిచిన జబ్బుకి ముడిపెట్టారు. 2002లో ఎలుకల్లోకి ఎంపీవో యాంటీబాడీలు మాత్రమే ఎక్కిస్తే వాటికి అచ్చం ఇలాంటి కిడ్నీ జబ్బే వచ్చింది. 2004లో ఒక తల్లి ఎంపీవో యాంటీబాడీలు కడుపులో బిడ్డకి చేరి, పుట్టగానే ఆ బిడ్డకి ఊపిరితిత్తుల్లో రక్తస్రావం, కిడ్నీ ఇబ్బంది వచ్చిన కేసు కూడా రాశారు. కానీ తల్లి నుంచి అదే యాంటీబాడీ అందుకుని ఏమీ కాకుండా పుట్టిన బిడ్డ కేసు కూడా ఉంది. అంటే యాంటీబాడీ ఉన్నంత మాత్రాన జబ్బు రగులుకున్నట్టు కాదు. రిపోర్ట్ పట్టుకుని భయపడేవాళ్లు ఈ ఒక్క ముక్క గట్టిగా పట్టుకోవాలి. దీనికి రెండో వైపు కూడా ఉంది, పరీక్ష నెగటివ్ వచ్చినా జబ్బు ఉండొచ్చు, ముక్కు సైనస్‌ల వరకే ఉన్నవాళ్లలో అలా ఎక్కువగా అవుతుంది.

రిపోర్ట్ కింద జీపీఏ, ఎంపీఏ, ఈజీపీఏ అని రాసుంటాయి, ఇవి ఆంకా వాస్కులైటిస్‌లో మూడు రకాలు. జీపీఏ అంటే ఆ పాత వెగెనర్సే, ముక్కులో చెక్కులు కట్టడం, రక్తం కారడం, చెవులు దిబ్బడేయడం, ఊపిరితిత్తుల్లో గడ్డలు, ఎక్కువగా పీఆర్3. ఎంపీఏలో ఎక్కువగా ఎంపీవో, కిడ్నీ ముందుంటుంది. ఈజీపీఏలో ఆస్తమా, ఇసినోఫిల్స్ బాగా పెరగడం ఉంటాయి, అందులో ఆంకా మూడోవంతు మందిలోనో కొంచెం ఎక్కువలోనో మాత్రమే పాజిటివ్. పెద్ద నాళాల జబ్బు టాకయాసుకి ఈ పరీక్ష పనికిరాదు, చేతికి నాడి దొరకని అమ్మాయికి స్కాన్ కావాలి కానీ ఆంకా కాదు.

ఇక మా ఇంట్లో జరిగింది చెప్పాలి, ఇది రాయడానికి అసలు కారణం ఇదే. అమ్మకి ముందు నెలల తరబడి జలుబు, ముక్కులో ఎర్రటి చెక్కులు. డస్ట్ ఎలర్జీ అన్నారు, మేమూ గోపాలపట్నం దుమ్ము వల్లే అనుకున్నాం. తర్వాత దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం. ఎక్స్‌రేలో మచ్చ. ఒకచోట కళ్లె పరీక్ష నెగటివ్ వచ్చినా టీబీ మందులు మొదలుపెట్టారు. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ ఉంటుంది, అది వేసుకుంటే మూత్రం నారింజ ఎరుపు రంగులో వస్తుంది, అది మామూలే అని కార్డు ఇచ్చినప్పుడే చెప్తారు. అమ్మకి మూత్రం ఎర్రగా వచ్చింది. "మాత్ర రంగమ్మా, ఏటీ కాదు" అంది తనే. మేం నమ్మాం. మూడు వారాల తర్వాత కాళ్లు వాచి, మూత్రం నురగ కట్టాక చూస్తే అందులో సగం రంగు మాత్రది, సగం రక్తం. క్రియాటినిన్ 3 దాటింది. ఆ మూడు వారాలు తల్చుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

అందుకని చెప్తున్నా, టీబీ మందులు వాడుతున్న వాళ్లకి మూత్రం ఎర్రగా ఉంటే రంగు చూసి సరిపెట్టుకోకండి, ఒక్కసారి మైక్రోస్కోప్ కింద పెట్టించండి. మన దగ్గర టీబీ ఎక్కువ కాబట్టి డాక్టర్లు ముందు దాన్నే అనుకోవడంలో తప్పు లేదు, పైగా టీబీ ఉన్నవాళ్లలో కూడా ఆంకా పాజిటివ్ రావచ్చు, గుండె కవాటాల ఇన్ఫెక్షన్‌లో కూడా వస్తుంది. ఆంకా చూసి తొందరపడి స్టెరాయిడ్ పోస్తే టీబీ భగ్గుమంటుంది. కాబట్టి రెండు దారులూ ఒకేసారి చూడాలి, కళ్లెకి సీబీనాట్ అనే టీబీ పరీక్ష, జ్వరముంటే బ్లడ్ కల్చర్, గుండెకి ఎకో, ఇటు మూత్రం, క్రియాటినిన్, ఆంకా. "సార్, టీబీయేనని ఎలా తేలింది, మూత్రంలో రక్తం ఎందుకుంది" అని మర్యాదగా అడగండి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

శ్రీకాకుళం వైపు నుంచి విశాఖ వచ్చేవాళ్లకి ఇంకో మాట. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం అని ఊరి పేరు చెప్పగానే క్రియాటినిన్ పెరిగితే ఉద్దానం కిడ్నీ అని మనమే అనేసుకుంటాం. ఆ జబ్బు ఏళ్లమీద నెమ్మదిగా ముదురుతుంది, మూత్రంలో ప్రొటీన్ అంతగా పోదు, రక్తం కూడా పెద్దగా ఉండదు. మీ మనిషికి వారాల్లో క్రియాటినిన్ రెట్టింపై, మూత్రంలో రక్తం, ప్రొటీన్ రెండూ నిండుగా ఉంటే ఊరి పేరు పక్కన పెట్టి ఆంకా, దాంతోపాటు యాంటీ జీబీఎం చేయించమని అడగండి. ఆ రెండోది కూడా ఒక ఆటోయాంటీబాడీయే, కొందరిలో రెండూ కలిసి ఉంటాయి, అది ఉంటే ప్లాస్మా మార్పిడి, అంటే యాంటీబాడీలున్న ప్లాస్మాని రక్తంలోంచి తీసేసి వేరేది ఎక్కించడం, వెంటనే మొదలెట్టాల్సి వస్తుంది.

కిడ్నీ బయాప్సీ అనగానే మా మావయ్య "సూది గుచ్చితే ఉన్న కిడ్నీ కూడా పోద్ది, వద్దే" అన్నాడు. ముందురోజే రక్తం పలచబడే మందులు ఏమున్నాయో చూస్తారు, బీపీ అదుపులో పెడతారు, బోర్లా పడుకోబెట్టి తిమ్మిరి మందు ఇచ్చి అల్ట్రాసౌండ్ చూస్తూ సన్న ముక్క తీస్తారు, తర్వాత మంచం మీద కదలకుండా ఉంచి మూత్రం రంగు గమనిస్తారు. రక్తస్రావం రిస్క్ ఉంది, లేదని చెప్పను. కానీ ఎన్ని ఫిల్టర్లు బతికున్నాయి, ఎన్ని మచ్చ కట్టేశాయి అన్నది అది తప్ప ఇంకేదీ అంత స్పష్టంగా చెప్పదు. రిపోర్ట్‌లో పాసి ఇమ్యూన్ అని ఉంటుంది, అంటే కిడ్నీలో యాంటీబాడీలు పేరుకుని పెద్దగా కనపడలేదని. అది చూసి ఆంకా తప్పేమో అనుకోకండి, ఈ జబ్బు తీరే అంత, యాంటీబాడీ పని చేసేది ట్యాంకర్ మీద, గోడ మీద కాదు. ఊపిరితిత్తుల్లో రక్తం కారుతూ మనిషి ప్రమాదంలో ఉంటే మాత్రం బయాప్సీ కోసం మందు ఆపరు, అది సరైన పనే.

మందుల దగ్గరికొస్తే, మొదట స్టెరాయిడ్, దాంతో రిటుక్సిమాబ్ గానీ సైక్లోఫాస్ఫమైడ్ గానీ ఇస్తారు. రిటుక్సిమాబ్ బీ కణాల్ని తీసేస్తుంది, యాంటీబాడీ తయారుచేసే కణాలు పుట్టేది వాటినుంచే. 2010లో వచ్చిన రేవ్ ట్రయల్‌లో అది సైక్లోఫాస్ఫమైడ్‌కి తీసిపోలేదని తేలింది. మన డాక్టర్ రెడ్డీస్ వాళ్లు 2007లోనే రెడిటక్స్ పేరుతో దీన్ని తెచ్చారు, అయినా ఖర్చే, కాబట్టి ఆసుపత్రిలో ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్‌కి వెళ్లి ఆ ప్రభుత్వ పథకంలో మీ కేసుకి ఏం వస్తుందో అడ్మిషన్‌కి ముందే కనుక్కోండి. 2020లో పెక్సివాస్ ట్రయల్‌లో స్టెరాయిడ్ బాగా తగ్గించి ఇచ్చినా కిడ్నీ, ప్రాణం విషయంలో ఫలితం తేడా రాలేదు, పెద్ద ఇన్ఫెక్షన్లు తగ్గాయి. "మాకు స్టెరాయిడ్ ఎప్పటికి ఎంతకి తగ్గిస్తారు సార్" అని డిశ్చార్జ్ రోజే కాగితం మీద రాయించుకోండి.

మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బి పరీక్ష అయిందా చూడండి, రిటుక్సిమాబ్‌తో దాగున్న వైరస్ లేవొచ్చు. టీకాలు వీలైతే ముందే, కానీ జబ్బు ఉధృతంగా ఉంటే టీకా కోసం మందు ఆపకూడదు. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ రాకుండా సెప్ట్రాన్ అనే సల్ఫా మాత్ర ఇస్తున్నారా అని అడగండి, సల్ఫా పడనివాళ్లు ఆ మాట ముందే చెప్పాలి. సైక్లోఫాస్ఫమైడ్ అయితే నీళ్లు ఎంత తాగాలో కనుక్కోండి, మామూలుగా ఎక్కువ తాగమంటారు, కానీ మూత్రం తగ్గినవాళ్లకి లెక్క వేరు. ఇంకా పిల్లలు కావాలనుకునే వయసువాళ్లు, ఆడైనా మగైనా, ఆ సంగతి మొదటి డోసుకి ముందే మాట్లాడాలి. ఇది మన ఇళ్లల్లో ఎవరూ ఎత్తరు, డాక్టర్ ముందు అత్తగారుంటే అసలు ఎత్తరు, కాబట్టి మీరే పక్కకి తీసుకెళ్లి అడిగించండి.

నెలలు గడిచాక అందరూ చేసే పని ఆంకా నంబర్ వెంట పడటం. నేనూ పడ్డాను. నంబర్ పెరిగిందని మాత్రమే మందు పెంచరు, తగ్గిందని ఆపరు, పెరిగితే ఇంకొంచెం దగ్గరగా గమనిస్తారు అంతే. పీఆర్3 వాళ్లలో జబ్బు మళ్లీ తిరగబెట్టడం ఎంపీవో వాళ్లకన్నా ఎక్కువ. అందుకే తర్వాత కూడా ఆరు నెలలకోసారి రిటుక్సిమాబో, రోజూ అజాథయోప్రిన్ మాత్రో కొన్నేళ్లు నడుస్తుంది.

నంబర్ కన్నా మాకు పనికొచ్చింది యూరిన్ స్ట్రిప్. రక్తం, ప్రొటీన్ రెండు గళ్లూ ఉండేవి కొనండి, పొద్దున్నే ముంచి డబ్బా మీద రాసిన సెకన్ల తర్వాత రంగు పోల్చండి. మన విశాఖ గాలిలో తేమకి స్ట్రిప్‌లు తొందరగా పాడవుతాయి, బాత్రూంలో పెట్టకండి, మూత వెంటనే బిగించండి. అమ్మ ఆదివారం ఆదివారం చూసి పాల లెక్క రాసే నోట్‌బుక్‌లోనే తేదీ, రక్తం, ప్రొటీన్, బీపీ రాస్తుంది. పోయినేడాది ఒక ఆదివారం రక్తం గడి రంగు మారింది, ఒంట్లో ఏ బాధా లేదు, "స్ట్రిప్ పాతదేమోనే" అంది. కొత్త డబ్బా తెచ్చి సోమవారం మళ్లీ చూశాం, మళ్లీ అదే రంగు, మంగళవారం నెఫ్రాలజీ ఓపీలో ఉన్నాం. ఈసారి క్రియాటినిన్ కదలక ముందే దొరికింది.

ఊళ్లో పెళ్లికి వెళ్లినా స్టెరాయిడ్ మాత్రలు రెండు రోజులు ఎక్కువే పెట్టుకోండి, ఉన్నట్టుండి మానేస్తే మనిషి పడిపోతారు. వాంతులై మాత్ర లోపల నిలవకపోతే అదే రోజు ఆసుపత్రికి వెళ్లి స్టెరాయిడ్ వాడుతున్నానని మొదటి మాటగా చెప్పాలి. మా అమ్మ పర్సులో ఒక చీటీ ఉంది, జబ్బు పేరు, ఎంపీవో పాజిటివ్, వాడే మందులు, ఆఖరి క్రియాటినిన్, నా ఫోన్ నంబర్. ప్రతి ఓపీ తర్వాత బస్సులో కూర్చుని ఆ చీటీ కొత్తగా రాస్తాను.